గోడలే కాదు, నీటి దారీ చూడాలి

సంపాదకులకు,

ఇల్లు కొనేముందు పగుళ్లు, చెమ్మ, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసుకోమన్న మీ వ్యాసం మంచిదే. వరంగల్‌కు మాత్రం అది చాలదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఇక్కడి కాలనీలు మునిగాయి. రెండోసారి భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. అలా మునిగిన ఇంటికి రంగులు వేస్తే మరక కనబడదు. గోడ కింది భాగానికే కొత్త రంగు ఉంటే అనుమానించాలి. దర్వాజాల అడుగు చెక్క, మెట్ల కింది గోడ తట్టి చూడాలి. నయీంనగర్ నాలా ఎంత దూరమో, దగ్గరి చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు ఎక్కడో నీటిపారుదల శాఖలో అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముసురు పట్టినప్పుడు వెళ్లి, "నీళ్లు ఎందాక వచ్చినయి?" అని పక్కింటివాళ్లను అడగడం. అమ్మేవాళ్లు దాచింది వాళ్లు చెప్తారు.

– ఒక పాఠకుడు, హన్మకొండ