వాలీబాల్ కోర్టుకు తొమ్మిది సెంట్లు

పోయిన ఎండాకాలం మా కాలనీ పిలకాయలు మామిడి తోట పక్క బీడులో రెండు సర్వి కట్టెలు పాతి, చిరిగిన చేపల వల ఒకటి వాటికి కట్టి వాలీబాల్ మొదలుపెట్టినారు. రాళ్ళు ఏరి, తుమ్మ మొలకలు పీకి, పది రోజులు కష్టపడి నేల చదును చేసుకున్నారు. ఇరవై రోజులు ఆడినారో లేదో, ఒక పొద్దున పోయి చూస్తే ట్రాక్టరుతో దున్నేసి ఉంది. అడిగితే ఆసామి, "నా నేల నేను దున్నుకుంటే మీకేమి?" అన్నాడు. నిజమే, నేల ఆయనది. పూతలపట్టు చుట్టూ ఇన్ని తోటలున్నాయి, ఆ తోటలకు కాపలా కాసేది మన యానాదోళ్ళే, కానీ మన పిల్లోడు బంతి కొట్టడానికి ఎవరూ లేపని జాగా ఒక్కటీ లేదు. నన్ను పట్టుకున్న ఆలోచన అది.

కాలనీలో ఈ మాట ఎత్తితే పెద్దాయన ఒకాయన, "ఇంటికే పట్టా లేదు, బంతాటకు పట్టానా రా?" అని నవ్వినాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. లెక్క వేసి చూద్దాం. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. అంటే 24 ఇంటూ 15, మొత్తం 360 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర తొమ్మిది సెంట్లు. గత ప్రభుత్వం ఊళ్ళలో ఇంటి స్థలమంటూ ఇచ్చింది సెంటున్నర. అంటే ఒక కోర్టు ఆరిళ్ళ జాగా. గుడిసెలో మూడు కుటుంబాలున్న చోట ఆరిళ్ళ జాగా ఆటకు అడగడం చిన్న విషయం కాదు. అందుకే ఇళ్ళ స్థలాల అర్జీ, కోర్టు అర్జీ ఒకే రోజు, రెండు వేరువేరు కాగితాల మీద ఇవ్వాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

ఇప్పటిదాకా మనకొచ్చినవి ఏంటో కూడా చూడండి. 2023 డిసెంబర్ 26న 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. సచివాలయాలకు కిట్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో విశాఖలో ఫైనల్స్‌తో అయిపోయింది. బంతి వచ్చింది, ఆడే నేల మాత్రం మాకు రాలేదు. పక్కన తెలంగాణలో 2022 జూన్ 2న ఊరూరా 'క్రీడా ప్రాంగణం' అని మొదలుపెట్టినారు. ఆలోచన మంచిదే. కానీ చాలాచోట్ల ఊరికి దూరంగా, గుట్ట కింద, శ్మశానం పక్కన దొరికిన జాగాలో బోర్డు పాతి వదిలేశారని పత్రికలు రాశాయి. జాగా ఎక్కడ అని ఆడే పిల్లల్ని అడగకపోతే జరిగేది అదే.

కాబట్టి మొదటి పని కోర్టు కట్టడం కాదబ్బా, నేల వెతకడం. మన చిత్తూరు జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, 1996 పెసా చట్టం మనకు వర్తించదు. రంపచోడవరంలో గ్రామసభకుండే బలం ఇక్కడ మన గ్రామసభకు లేదు. ఉన్నదల్లా పంచాయతీ తీర్మానం, రెవెన్యూ రికార్డు. సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ చూసి, కాలనీకి ఆనుకొని ఏ సర్వే నంబరులో పోరంబోకు ఉందో ముందు మనం తెలుసుకోవాలి. నంబరు లేకుండా ఇచ్చిన అర్జీ ఫైల్లో పడి నిద్రపోతుంది.

చెరువు లోపలి నేల జోలికి మాత్రం పోవద్దు. ఎండాకాలంలో అది చదునుగా, గట్టిగా కనబడి ఆశపెడుతుంది. 2021 నవంబర్ వానలు మరిచిపోయినారా? పైగా 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి చెరువుల, ఉమ్మడి భూముల ఆక్రమణలు తీసేయమని రాష్ట్రాలకు చెప్పింది. చెరువులో చేపలు పట్టి బతికే మనమే చెరువును పూడ్చడమా? అదే తీర్పు మనకు ఇంకో రకంగా పనికొస్తుంది: ఊరి పోరంబోకును ఎవరైనా తోటలో కలిపేసుకొని ఉంటే, దాన్ని వదిలించమని అడగడానికి.

అడవి అంచున ఉన్న కాలనీలోళ్ళకు ఒక మాట. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద ఒక్కో పనికి హెక్టారుకు లోపు అటవీ భూమి ఇవ్వడానికి 13 అవసరాలు రాసినారు. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కమ్యూనిటీ సెంటర్ ఉన్నాయి. ఆటస్థలం లేదు. మనవాళ్ళు ఆడతారని రాసినోళ్ళకు తోచినట్టు లేదు!

డబ్బు సంగతికి వస్తే, పాత ఉపాధి హామీ చట్టం షెడ్యూల్ 1లో ఆటస్థలాల నిర్మాణం స్పష్టంగా ఉండేది. కాంట్రాక్టర్ ఉండకూడదు, ఖర్చులో కూలీ వాటా 60 శాతానికి తగ్గకూడదు అని అందులో ఉండేది. అంటే మన కోర్టును మన అమ్మానాయన్లే కూలి తీసుకొని కట్టే వీలుండేది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఈ పనుల మీదే తీర్మానాలు చేసినారు. ఆ రోజు మా కాలనీ నుంచి పోయినోళ్ళు వేళ్ళ మీద లెక్క. నేనూ పోలేదు. ఆ తప్పు నాదే.

కట్టడమంటే సిమెంటు అనుకుంటాం. సిమెంటు కోర్టు వద్దంటాను. చెప్పుల్లేకుండా ఆడే పిలకాయలకు మే నెలలో అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి, కింద పడితే మోకాలు పోతుంది, చెడుగుడు అసలే ఆడలేం. ఇంకొకటి, సిమెంటు కళ్ళెం లాగుంటే ఊరంతా వేరుశనక్కాయలు, చింతపండు తెచ్చి ఎండబెట్టేస్తారు. మట్టి కోర్టే మేలు. పైన గడ్డి, వేర్లున్న మట్టి అరడుగు తీసేయాలి. అడుగున గరుసు పోసి నీళ్ళు కొట్టి రోలరు తిప్పాలి. దానిపైన జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో ఇసుక కలిపి రెండంగుళాలు పరిచి, మళ్ళీ తడిపి తిప్పాలి. పుట్టమన్ను బాగా పట్టుకుంటుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ నాగులచవితికి పాలు పోసే పుట్టను ముట్టుకోకండి, ఇంట్లో తిట్లు తినేది మీరే.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా పెడితే సాయంత్రం ఒక జట్టుకు కళ్ళలోకే ఎండ. వెడల్పు వైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇస్తే చాలు, నీళ్ళు నిలవవు. ఎగువ వైపు చిన్న కాలవ తవ్వకపోతే ఐప్పసి వానలకు మట్టంతా కొట్టుకుపోతుంది. అందుకే సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, తోతాపురి కోతలు మొదలయ్యేలోపు ముగించాలి. కోతలొస్తే పనికి మనిషి దొరకడు. స్తంభాలను భూమిలో పాతిన పైపుల్లో దించేలా పెడితే, వాటిని తీసేసి అదే నేల మీద 13 ఇంటూ 10 మీటర్ల కబడ్డీ కోర్టుకు సున్నం గీయొచ్చు. నెట్‌కు కొక్కేలు రెండు ఎత్తుల్లో పెట్టించాలి, మగపిల్లలకు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24.

ఆ రెండో కొక్కెం దగ్గరే మా కుర్రోళ్ళు గొడవపడినారు. "ఆడపిల్లలు యాడ ఆడతారన్నా?" అని. ఆడరు, ఎందుకంటే మీరు దిగరు. వారంలో మూడు సాయంత్రాలు కోర్టు వాళ్ళదని ముందే కాగితం మీద రాసుకోకపోతే తర్వాత ఎవరూ రాయరు. కోర్టు ఇళ్ళ మధ్య నుంచి కనబడే చోట ఉండాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. ఊరికి దూరంగా ఉంటే ఏ తల్లీ కూతుర్ని పంపదు.

గేటు పెట్టొద్దు. గేటుంటే తాళం, తాళముంటే తాళంచెవి, అది ఎప్పుడూ మన చేతిలో ఉండదు. పశువులు రాకుండా కంచె వేసి, మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు వదిలితే సరిపోతుంది. స్తంభాలు నేనిస్తానని ఎవరైనా క్వారీ ఆసామి వచ్చి తన పేరు రాయమంటే, దండం పెట్టి వద్దని చెప్పండి. పక్క ఊరి పిల్లలు వస్తే మాత్రం వద్దనకండి, రానీయండి. ఇన్నాళ్ళూ మనం వాళ్ళ గ్రౌండు బయట నిలబడి బంతి అందించినాం. వాళ్ళు మన కాలనీకి వచ్చి, మన పంపు నీళ్ళు తాగి, మనతో ఆడాలి. కులం గురించి ఎన్ని మీటింగులు పెట్టినా రాని మార్పు కొంతైనా ఆ నీళ్ళ దగ్గర వస్తుందని నా నమ్మకం.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల కోసం నిలబడి మాట్లాడింది కూడా ఆయనే. మన పేజీలో ఆయన ఫోటో ఏటా పెడతాం. ఆయన సొంత గడ్డ జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లా నుంచి నేటికీ భారత జట్టుకు హాకీ అమ్మాయిలు వస్తున్నారు. అక్కడ ఆట ఊళ్ళోనే ఉంది.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి కాలనీ చివర పోరంబోకులో కొలతలు వేస్తున్నాం. సర్వే నంబరు దొరికింది, అర్జీ రాయడం మిగిలింది. తాడు, మేకులు, సున్నం నేను తెస్తా. నెట్ మాత్రం కొత్తది కొనాలి, తలా ఇరవై రూపాయలు వేసుకుందాం. పాత వలకు అతుకులేసి చెరువుకు తీసుకుపోతానని మా మామ అప్పుడే చెప్పేసినాడు.