కొత్త కుక్కపిల్ల ఎక్కణ్ణుంచి?

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పామాయిల్ తోటలకూ పొగాకు బ్యారన్లకూ కాపలా కుక్క కొత్త కాదు. ఫోనులో ఫొటో చూసి, వేలు పోసి జాతి కుక్కను కొనడమే కొత్త. అందుకే ఈ సంచికలో అడుగుతున్నాం: ఆ కుక్కపిల్ల ఎక్కణ్ణుంచి వస్తోంది?

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికుక్కను చూపించనివాళ్ల దగ్గర కొనకండి. జాతినీ చూసుకోండి: సైబీరియన్ హస్కీకి మన మే నెల ఎండ నరకం. మన వీధి కుక్కపిల్లకు ఈ ఎండ అలవాటే. వీధికుక్కల దత్తతకు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, తీసుకున్నాక మళ్లీ వీధిలో వదలకూడదనీ 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపేది, తెచ్చుకున్న కుక్కను వదిలేయకూడదన్న ఆ బాధ్యతే. కుక్కను తెచ్చుకునే ముందే ఇంటిల్లిపాదీ చదవండి, మాట్లాడుకోండి.

— సంపాదకవర్గం