వాడ ముచ్చట్లు – 11: పాలు మాట్లాడుకోని పొత్తు

మా కమ్మర్‌పల్లిల పసుపు చేను పాలుకు పట్టేటోడు నాగలి కట్టకముందే అడుగుతడు: ‘పటేలా, నా పాలెంత?’ విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది, తవ్వినంక ఎట్ల పంచుకుంటం, అన్నీ ముందే తెగాలె. చదువురాని మా తాతకు తెలిసిన ఈ లెక్క, పొత్తులు కుదిర్చే మన నాయకులకు ఎందుకు తెల్వదు?

2022 నవంబర్‌ల మునుగోడు ఉప ఎన్నిక. బీజేపీని ఆపాలని సీపీఐ, సీపీఎం టీఆర్ఎస్‌ను బలపరిచినయి. టీఆర్ఎస్ గెలిచింది. మరుసటేడు ఆగస్టుల కేసీఆర్ 115 మంది అభ్యర్థుల జాబితా ప్రకటిస్తే ఎర్రజెండాకు ఒక్క సీటు లేదు. సీపీఐ కాంగ్రెస్ దిక్కు పోయి కొత్తగూడెం ఒక్కటి తీసుకుని గెలిచింది. సీపీఎం ఒంటరిగా దిగింది. బీజేపీని ఆపుడు తప్పని నేననను. పాలు తేల్చుకోకుండా నాగలి కట్టుడే తప్పు.

‘పొత్తంటేనే అమ్ముడుపోవుడు’ అనే తమ్ముళ్లు ఒకసారి ఇంగ్లండ్ దిక్కు చూడాలె. టాఫ్ వేల్ రైల్వే సమ్మె కేసుల 1901 తీర్పు వచ్చినంక యూనియన్ కంపెనీకి 23,000 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. ఇగ సమ్మె చేసుడెట్ల? 1903ల లేబర్ తరఫున రామ్సే మెక్‌డొనాల్డ్, లిబరళ్ల తరఫున హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్ గుట్టుగా ఒప్పందం చేసుకున్నరు: కొన్ని సీట్లల్ల ఒకరి మీద ఒకరు పోటీ పెట్టొద్దని. 1906ల లేబర్ 29 సీట్లు గెలిచింది. అదే ఏడు, సమ్మె నష్టాన్ని యూనియన్ల నుంచి వసూలు చెయ్యొద్దని చట్టమొచ్చింది. 1924ల లేబర్ సర్కారే ఏర్పడ్డది. సీట్లు వదిలిన లిబరళ్లు ఆ ఏడాది ఆఖరు ఎన్నికల్ల 40కి పడిపోయిన్రు.

పొత్తుల ఉండి కూడా లేబర్ మూడు విడువలేదు: సొంత పేరు, కార్మికుల చందాతో సొంత పైస, చట్టంల రాయించుకునే ఒక డిమాండ్.

బాబాసాహెబ్ కూడా గట్లనే నడిచిండు. 1936ల ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టిండు. 1938 నవంబర్ 7న బొంబాయి కాంగ్రెస్ సర్కారు తెచ్చిన పారిశ్రామిక వివాదాల బిల్లు మీద కమ్యూనిస్టులతో కలిసి సమ్మె చేసిండు. కలిసిండని తన ప్రశ్న మింగలేదు. మిల్లుల నేత ఖాతాల అంటరానోళ్లను ఎందుకు రానియ్యరని అడుగుతనే ఉన్నడు.

మన జిల్లానే చూడుండ్రి. 2019ల 178 మంది రైతులు నిజామాబాద్ ఎంపీ సీటుకు నామినేషన్లేసి బరిల నిలిచిన్రు. పసుపు బోర్డు, మద్దతు ధర అని పేరు పెట్టి అడిగిన్రు. ఒక్కరూ గెలువలేదు. అయినా 2025 జనవరిల బోర్డు వచ్చింది. అదే పసుపును కూలికి తవ్వే మా వాడ ఆడోళ్ల కూలి రేటు గురించి ఆ ప్రచారంల నేనొక్క మాట వినలేదు. రైతుల తప్పు కాదది. మా డిమాండ్‌కు మేము పేరు పెట్టలేదు.

మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. అన్ని జెండాలోళ్లు ఆమె కాడికి వచ్చిన్రు, అందరూ ‘అమ్మా’ అనే పిలిచిన్రు. వెయ్యి బీడీలకు ఎంత ఇప్పిస్తరో కాయితం మీద ఎవరూ రాసియ్యలేదు. మేమూ అడుగలేదు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, రేపు మన వాడకు ఏ కూటమి వచ్చినా కండువా కప్పుకునే ముందు కాయితం పెట్టుండ్రి. బీడీ కూలి, పసుపు కూలి, 2015 డిసెంబర్‌ల మూతపడ్డ బోధన్ షుగర్ ఫ్యాక్టరీ కార్మికుల బకాయిలు అందుల రాయించుండ్రి. సంతకం పెడితే కలిసి నడుద్దాం. పెట్టకుంటే మన చేను మనమే దున్నుకుందాం, చిన్నదైనా సరే.

జై భీమ్.