పులిచింతను పెరికివేయవలదు

ఇటీవల నిజామాబాదు పట్టణమున క్రొత్తగా ఇండ్లు కట్టుకొన్నవారి ముంగిళ్ళలో, కుండీలయందు, ఊదారంగు ఆకుల మొక్క యొకటి కనబడుచున్నది. కాడ కొనకు మూడేసి ఆకులు. చీకటి పడినంతనే అవి గొడుగు ముడిచినట్లు ముడుచుకొనును. నర్సరీవారు దానిని ఆక్సాలిస్ అను పేర అమ్ముదురు. దక్షిణ అమెరికా దాని జన్మభూమి. అందమైన మొక్కయే, కాదనను. కాని ఆ కుండీ ప్రక్కనే, గచ్చు పగులులో, దాని దగ్గరి చుట్టము పచ్చగా ప్రాకుచుండగా, ఇంటివారు కలుపని పెరికి పారవేయుచున్నారు. అదియే మన పులిచింత.

పేరు వినగానే విద్యార్థులకు పెద్దపులి తోచును. ఇచ్చటి పులి మృగము కాదు. పులుపు, పులియుట, పుల్లన అను మాటలలో నున్నదే ఇందును ఉన్నది. తమిళులు దీనిని పుళియారై యందురు. ఆకు చింతాకును పోలదు. రుచి మాత్రము చింతను తలపించును. సంస్కృతమున ఇది చాంగేరి. అమరకోశమున దీనికి పర్యాయపదములే కొన్ని కలవు. ఆయుర్వేద వైద్యులు చాంగేరీ ఘృతమును నేటికిని వాడుచున్నారు. ఇన్ని పేర్లున్న మొక్కకు పట్టణపు పెరటిలో 'పిచ్చిమొక్క' యను పేరొక్కటే మిగులుట తెలుగు చెప్పుకొని బ్రతుకు నావంటివానికి కష్టముగనే యుండును.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి యిది. బడి ఆవరణలో వేపచెట్టు క్రిందను, కానుగచెట్టు క్రిందను నీడవలన గడ్డి సరిగా మొలవదు. వానకు ఆ బోడినేల మన్ను కొట్టుకొనిపోవును; ఎండకు దుమ్ము లేచును. అట్టిచోట పులిచింతను ఉండనీయుడు. అది కణుపు కణుపున వేరూని నేలను పట్టుకొనును. నేలబారుగా ప్రాకునది కనుక కత్తిరింపు పని లేదు. అయిదేసి రేకుల పసుపుపచ్చని చిన్నపూలు పూయును. మే నెల ఎండకు, నీరు పోయనిచో, మాడిపోవును. తొలకరికి మరల లేచును. ఆటస్థలమునకు మాత్రము పనికిరాదు, అంత త్రొక్కుడు తాళలేదు.

కూరమళ్ళలోను, పూలకుండీలలోను దీనిని తీసివేయుట న్యాయమే. ముదిరిన కాయ తాకినంతనే చిట్లి గింజలను దూరముగా చిమ్మును, పొమ్మన్న పోదు. అయితే నర్సరీలో కొనినవన్నియు సాధువులనుకొనరాదు. ఈ జాతిలోనే మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన గులాబిరంగు పూల మొక్క యొకటి నేలలోపల చిన్నచిన్న దుంపలు వేసి, నీలగిరి తోటలలో వదలని కలుపైనది.

ఆ కాయ చిట్లుటయే చాలును, ఒక గంట పాఠమునకు. ఆకు సాయంకాలము ముడుచుకొనుట మరియొక పాఠము. ఆకులు నలిపి మసిబారిన ఇత్తడి చెంబును తోమింపుడు, మెరుపు కనబడును. నేలనంటి ఎగురు చిన్న నీలి సీతాకోకచిలుక ఈ మొక్కపై గ్రుడ్లు పెట్టును. దాని గొంగళిపురుగునకు ఇదియే ఆహారము. ఇక పులుపు సంగతి. దానికి హేతువు ఆక్సాలిక్ ఆమ్లము. స్వీడన్ దేశమున షీలె యను రసాయన శాస్త్రజ్ఞుడు 1776లో చక్కెరను గాఢ నత్రికామ్లముతో కలిపి ఒక ఆమ్లమును తీసి, దానికి చక్కెర ఆమ్లమని పేరిడెను. మొక్కలలోని ఆక్సాలిక్ ఆమ్లమును అదియు ఒక్కటే యని 1784 నాటికి ఆయనయే నిరూపించెను. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, చక్కెర మాట చెప్పినచో అచ్చటి పిల్లలు ఇంకను చెవులు నిక్కించి విందురు. తీపినుండి పులుపు పుట్టిన ఈ కథను వారికి చెప్పక మరెవ్వరికి చెప్పవలెను?

ఆకును పప్పులో వేసి వండుకొందురు, పచ్చడి చేయుదురు. మితముగా తినవలెను; మూత్రపిండములలో రాళ్ళున్నవారు మానుట మేలు. నా భయము వేరొకటి. కూలి మిగులునని ఆవరణలలో కలుపుమందు చల్లు అలవాటు ప్రబలుచున్నది. పుల్లగా నున్నదని పిల్లలు త్రుంచి నోట వేసికొను ఆకుపై విషము చల్లి మిగిల్చిన కూలి ఏ పొదుపు క్రిందికి వచ్చునో నాకు బోధపడదు. ప్రధానోపాధ్యాయులు ఈ ఒక్కటి నిలిపివేసినను చాలును. నాటుట పెద్ద పని కాదు. శ్రావణమాసపు ముసురులో వేరున్న తీగముక్కలను జానెడెడముగా పాతి, వానలేని దినములలో నీరు చిలుకరించిన, తక్కినది ఆ మొక్కయే చూచుకొనును.