గెలిచిన తీర్పు మా చిన్నాయన గడప తొక్కలేదు
(వాడ నుంచి కోర్టు దాకా - 6)

మా చిన్నాయన ట్రంకు పెట్టెలో ఒక మెడల్, ఒక డిశ్చార్జ్ బుక్, ఒక ఇంగ్లిషు ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం సారం ఒకటే: నీ జబ్బు సైనిక సేవ వల్ల రాలేదు, సేవ వల్ల ముదరలేదు, కాబట్టి వైకల్య పింఛను లేదు. మా మాదిగవాడలో ఆ ఇంగ్లిషు చదివి చెప్పేవాళ్ళు అప్పట్లో ఒక్కరూ లేరు. నేను డిగ్రీకి వచ్చి ఆ పెట్టె తెరిచేసరికి ఆ కాగితానికి పదిహేడేళ్ళు.

సైన్యంలో చేరిన రోజు డాక్టర్లు ఆయన్ని నఖశిఖం చూసి ‘ఫిట్’ అని రాసుకున్నారు. మూర్ఛ వచ్చాక ఇంటికి పంపిన రోజు, ఇది నీ ఒంట్లో ముందే ఉందన్నారు. ముందే ఉంటే చేర్చుకున్న రోజు ఎందుకు కనపడలేదు?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2013 జూలైలోనే జవాబు చెప్పింది. ధరంవీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరాడు. 1994లో మూర్ఛ జబ్బుతో పంపేశారు. 20 శాతం వైకల్యం ఉందన్నారు, పింఛను మాత్రం లేదన్నారు. కోర్టు ఏమంది? చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. తర్వాత ఆరోగ్యం చెడితే అది సేవ వల్లనే అనుకోవాలి. కాదని రుజువు చేయాల్సింది జవాను కాదు, సర్కారు. అనుమానం ఉంటే లాభం జవానుకే. మెడికల్ బోర్డు ఊరికే ‘కాదు’ అంటే కుదరదు, కారణం రాయాలి.

ఇంత స్పష్టంగా చెప్పాక కథ అయిపోవాలి కదా? కాలేదు. ట్రిబ్యునళ్ళలో గెలిచిన జవాన్ల మీద కేంద్రం వేసిన అప్పీళ్ళు ఆ తర్వాత కూడా సుప్రీంకోర్టులో నడిచాయి. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో కోర్టు ఆ అప్పీళ్ళు కొట్టేసి, పాత మాటే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం అంటుంది ఆర్టికల్ 141. కానీ ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి ఆ తీర్పు కేసు వేసినవాడి సొంత ఆస్తి అయిపోతుంది. నీకూ కావాలంటే నువ్వూ కేసు వెయ్యి! లాయరు ఫీజు, రైలు చార్జీ, వాయిదాకు పోయిన కూలి ఎవరు పెట్టుకోగలరు? హక్కు అందరిదీ, అందేది కోర్టు మెట్లెక్కగలిగినవాడికే. మన వాడల్లో ఎందరు ఎక్కగలరు?

ఇంకో దెబ్బ ఉంది. 1983లో ఇంటికి పంపిన తార్సెమ్ సింగ్ 1999లో కోర్టుకెళ్ళాడు. 2008లో సుప్రీంకోర్టు హక్కు ఒప్పుకుంది, పాత బకాయి మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే పరిమితం చేసింది. ఆలస్యానికి శిక్ష అది. ఇంగ్లిషు రాని ఇంట్లో, సలహా చెప్పే దిక్కులేని ఇంట్లో ఆలస్యం కాక ఏమవుతుంది? తప్పుడు ఉత్తరం పంపిన ఆఫీసుకు ఏ శిక్షా లేదు.

దొంగ క్లెయిములు ఉంటాయి అంటారు కొందరు. ఉంటే పట్టుకోండి, కారణాలు రాయండి. కోర్టు అడిగింది కూడా అదే. దొంగల పేరు చెప్పి మూర్ఛతో పడిపోయే మనిషి దగ్గర రుజువులు అడగడం ఏం న్యాయం?

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్. మనకు సైన్యం కొత్త కాదు. దేశభక్తి ఉపన్యాసాలు మాకొద్దు. ఇప్పటికే వచ్చిన తీర్పు ప్రకారం, కారణం రాయకుండా తిరస్కరించిన ఫైళ్ళన్నీ సర్కారే తెరవాలి. జవానును కోర్టుకు ఈడ్చకూడదు.

అప్పటిదాకా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు వాడలోని మాజీ జవాన్ల ట్రంకు పెట్టెలు తెరవండి. ఆ ఉత్తరం చదివి తెలుగులో చెప్పండి. మెడికల్ బోర్డు కాగితాలు లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు రాసిపెట్టండి. కారణం రాశారో లేదో చూడండి. ఆలస్యమైన ప్రతి నెలా ఒక నెల బకాయిని మింగేస్తుంది.

చిన్నాయన ఉత్తరం ఇప్పుడు నా బ్యాగులో ఉంది. దరఖాస్తు పెట్టాం. జవాబు ఏమొచ్చిందో వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.
(ఇంకా ఉంది)