తండ్రి నాటిన అక్షరం.. తనయుడి చేతిలో వృక్షం

నెల్లూరు: పాత పుస్తకాల పెట్టె తెరిస్తే పెద్దలు మొదట వెతికేది ‘వావిళ్ల ప్రతి’నే. తప్పులు లేని అచ్చుకు ఆ పేరు పర్యాయపదమైంది. నెల్లూరు సీమ మూలాలున్న వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం నెలకొల్పారు. తాళపత్రాలకే పరిమితమైన సంస్కృతాంధ్ర గ్రంథాలను పండితులతో పరిష్కరింపజేసి సామాన్యుని ముంగిటికి చేర్చారు.

1891లో ఆయన మరణించేనాటికి కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు పసివాడు. 1906లో బాధ్యతలు చేపట్టిన ఆయన, తండ్రి పేరుతోనే ‘వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్’గా సంస్థను విస్తరించారు. కావ్యాలు, వ్యాకరణాలు, శతకాలు, స్తోత్రాలు వరుసగా వెలువడ్డాయి.

ఈ ప్రస్థానం నల్లేరుపై నడక కాదు. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో ప్రచురించగా, అశ్లీలమంటూ బ్రిటిష్ ప్రభుత్వం మరుసటి ఏడాది ప్రతులను స్వాధీనం చేసుకుంది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో నిషేధం తొలగింది. 1952లో సంస్థ ఆ కావ్యాన్ని తిరిగి ప్రచురించింది. నాలుగు దశాబ్దాలు గడిచినా పట్టు సడలలేదు.

యంత్రాలు, భవనాలు వారసత్వంగా సంక్రమిస్తాయి. పాఠకుని నమ్మకం మాత్రం ప్రతి తరమూ తిరిగి సంపాదించుకోవలసిందే. 1956లో వేంకటేశ్వర శాస్త్రులు కన్నుమూశారు. ఆయన అచ్చువేసిన గ్రంథాలు పలు గ్రంథాలయాల్లో నేటికీ ఉన్నాయి. చెదల పాలు కాకముందే వాటిని భద్రపరచడం ఈ తరం వంతు.