పుటల అంచున వ్రాతలు

1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి, 1949లోనే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించారు. కావ్యాలలోని రసాన్ని ఆస్వాదించి ఊరుకోక, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, నమ్మిన నమ్మకం ఏ పద్యంలో దాగి ఉన్నాయో ఏరి పెట్టుకొన్న చదువరి గ్రంథమది. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ ఇతరులకు వింతకథల కావ్యం. ఆయనకు అది ఆనాటి జనజీవనానికి సాక్ష్యం.

నేటి యువత భయాన్ని తెరపై వెదుకుతున్నది. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ వంటి చిత్రంలో చీకటీ చప్పుడూ సిద్ధంగా ఉంటాయి. భేతాళ కథలో ఆ చీకటిని చదువరే కల్పించుకోవాలి. అయినా, చిత్రం చూచి నిద్రపట్టనివాడు తాను దేనికి జడిసెనో మరునాడు నాలుగు మాటలు వ్రాసుకొంటే అదీ చదువే!

ఈ-రీడరును నిందించడం న్యాయం కాదు. పుస్తకాల అంగడి లేని పల్లెకు వందల గ్రంథాలను అరచేతిలో చేర్చగల సాధనమది. చిక్కు వేరొకచోట ఉన్నది. వేలు కదిపితే వాక్యం కింద గీత పడుతుంది. గీసినది ఎందుకో వ్రాసే ఓపికను సాధనం ఇవ్వదు. గీతలు పేరుకొంటాయి, మాట ఒక్కటీ ఉండదు.

సురవరంవారు ఏరి కూర్చిన గ్రంథానికి ఆయన మరణించిన రెండేళ్ళకు, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో అదే మొదటిది.